లంబసింగికి పిల్లలతో వెళ్తున్న అమ్మాయికి

చి. ల. సౌ. అమ్మాయికి పెద్దనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

డిసెంబరు మూడో వారంలో నువ్వూ అల్లుడుగారూ పిల్లలిద్దరినీ తీసుకుని లంబసింగిలో రెండు రాత్రులు టెంటులో ఉండబోతున్నారని మీ నాన్న ఫోనులో చెప్పినప్పటి నుంచి నా మనసు ఒకచోట నిలవడం లేదు. చిన్నప్పుడు మా డాబా మీద పడుకోబెడితే బల్లి అరిచినా దుప్పటి ఈడ్చుకుంటూ కిందికి పరుగెత్తి వచ్చేదానివి. అటువంటి నువ్వు నాలుగేళ్లవాడినీ ఏడాదిన్నర చంటిదాన్నీ వెంటబెట్టుకుని కొండమీద గుడారంలో పడుకుంటానంటే ఒకపక్క గర్వంగానే ఉంది. రెండోపక్క ఏముందో చెప్పడానికే ఈ ఉత్తరం. లంబసింగికి దగ్గరే ఉన్న చింతపల్లిలో పదకొండేళ్లు బడిపంతులుగా పనిచేసి ఆ చలిని ఎముకలతో ఎరిగినవాణ్ణి కాబట్టి వద్దని అనను. అన్నా నువ్వు వినవు.

తెలిసిన సంగతులను ముందు త్వరగా చెప్పేస్తాను. శని, ఆదివారాలు వద్దు. ఆ రోజుల్లో ఘాటు రోడ్డులో మంచు కంటే బళ్ల వరుసే ఎక్కువగా కనబడుతుంది. ఘాటు ఎక్కే ముందు పిల్లలకు కడుపు నిండా పాలు పట్టవద్దు, మలుపుల్లో కక్కుతారు. చీకటి పడకముందే టెంటు వేసుకోండి. కాచి చల్లార్చిన నీళ్లే తాగించండి. దోమతెర మరిచిపోవద్దు, అది మలేరియా ఉన్న ప్రాంతం. తిరిగి వచ్చాక కొన్ని వారాల వరకు పిల్లల్లో ఎవరికి జ్వరం తగిలినా డాక్టరుకు ముందుగా ఏజెన్సీకి, అంటే ఆ మన్యం కొండలకు, వెళ్లివచ్చామని చెప్పాలి. పొదల్లో ఉండే నల్లికంటే చిన్న పురుగు కుట్టినా స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది కనుక, స్నానం చేయించేటప్పుడు చంకల్లో, గజ్జల్లో, చెవుల వెనక నల్లటి పొక్కు కట్టిన మచ్చ ఉందేమో చూడు. బయలుదేరడానికి వారం ముందు మీ హాల్లోనే టెంటు వేసి ఒక రాత్రి అందులో పిల్లలను పడుకోబెట్టి చూడు. రాత్రి మెలకువ వచ్చినప్పుడు తల పైన గుడ్డ కప్పు కనబడితే చంటిది ఏడుస్తుందా, నవ్వుతుందా అన్నది ఇంట్లోనే తెలియడం మంచిది.

ఇక చలి సంగతి. లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపలికి దిగడం మామూలే. కొన్ని రాత్రులు సున్నాకు దగ్గరగా పోతుంది. పెద్దవాళ్లకంటే పసిపిల్లల ఒళ్లు త్వరగా చల్లబడుతుంది, ఎందుకంటే వాళ్ల బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ. అందరూ పైన కప్పే రగ్గుల గురించే ఆలోచిస్తారు గాని, ఒంట్లోని వేడిని ఎక్కువగా లాగేది కింద ఉన్న నేల. కాబట్టి ముందు టార్పాలిన్, దాని మీద దొరికితే రెండు మోపుల ఎండుగడ్డి, ఆపైన బొంతలు పరుచుకోండి. పగలంతా ఆడి చెమట పట్టిన బట్టలతో పిల్లలను పడుకోబెట్టవద్దు; లోపలి బనియనుతో సహా పొడివి మార్చాలి. వేడినీళ్ల సంచీ అరగంట ముందు పక్కలో పెట్టి, పిల్లలు పడుకునే వేళకు తీసెయ్యి. పిల్లలిద్దరూ మధ్యన, మీరిద్దరూ చెరొక అంచున. చంటిదాని ముఖం మీదికి రగ్గు రాకుండా చూసుకో.

ఇంతవరకు ఎవరైనా చెప్పగలిగినవే. మీ నాన్న మాటల మధ్యలో ఇంకొక సంగతి చెప్పాడు. అల్లుడుగారు బొగ్గులతో కాల్చుకునే చిన్న బార్బెక్యూ పొయ్యి కొన్నారనీ, రాత్రి చలి మరీ ఎక్కువైతే దాన్ని టెంటులోకి తెచ్చుకోవచ్చుననీ, కాదంటే కారులో ఇంజను వేసి హీటరు పెట్టుకుని పడుకోవచ్చుననీ అనుకుంటున్నారట. ఆ మాట విన్న తరువాత నేను కాసేపు కూర్చుండిపోయాను. ముప్పై ఏళ్లకు పైగా మన ఇంట్లో నేనూ మీ పెద్దమ్మా తప్ప మూడో మనిషికి తెలియని విషయాన్ని ఇప్పుడు నీకు వ్రాస్తున్నాను.

1988 జనవరి. మీ అన్నయ్యకు నాలుగేళ్లు, అక్కకు ఏడాది దాటింది; అంటే ఇంచుమించు నీ పిల్లల వయసులే. బడిలో స్కౌట్లకని తెప్పించిన పాత కాన్వాసు డేరా ఒకటి ఉండేది. సంక్రాంతి సెలవుల్లో దానిని అడిగి తీసుకుని, లంబసింగి పక్కన ఒక కాఫీ తోట అంచున, తోట కావలివాడి పాకకు పది అడుగుల దూరంలో వేశాను. మీ పెద్దమ్మ వద్దంది. పిల్లలకు కొండ మీద తెల్లవారడం చూపించాలని నా పట్టుదల. సాయంత్రం బాగానే గడిచింది. రాత్రి తొమ్మిది దాటాక మంచు కురవడం మొదలై డేరా గుడ్డ తడిసి పలక మాదిరి బిగుసుకుపోయింది. నూలు గుడ్డ తడిస్తే పోగులు ఉబ్బి సందులు మూసుకుపోతాయి; వాన లోపలికి రాకుండా ఉండేది అందుకే, గాలి ఆడకుండా పోయేదీ అందుకే. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. చంటిపిల్ల వణుకుతోంది. బయట వంటకు వాడిన మట్టి కుంపటిలో బొగ్గులు మిగిలి ఉన్నాయి. మంట లేదు, పొగ లేదు, పైన తెల్లటి బూడిద కమ్మింది. దానిని లోపలికి తెచ్చి కాళ్ల దగ్గర పెట్టి, చలిగాలి దూరకుండా డేరా అంచులన్నింటికీ రాళ్లు పెట్టి మరీ బిగించాను.

తెలివితక్కువతనంతో చేశానని అనలేను, తెలివి అనుకునే చేశాను. ఆ ఊళ్లలో గిరిజనుల ఇళ్లలో రాత్రంతా పొయ్యి రగులుతూనే ఉంటుంది, పసిపిల్లలు దాని చుట్టూనే పడుకుంటారు. వాళ్లకు కానిది మనకేమవుతుందని అనుకున్నాను. వాళ్ల ఇంటి కప్పు పూరిది, పెంకుది. ప్రతి సందులోంచీ గాలి ఆడుతుంది. నా డేరా మూత బిగించిన డబ్బా.

నాకు తలనొప్పి మొదలైంది. చలికి అనుకుని మఫ్లరు గట్టిగా చుట్టుకున్నాను. ఆ తరువాత నాకేమీ తెలియదు. మీ అన్నయ్య పక్క తడపడం వల్ల, ఆ తడి తగిలి మీ పెద్దమ్మకు మెలకువ వచ్చింది. వాడి బట్టలు మార్చాలని లేవబోతే మోకాళ్లు నిలవలేదట. వాడిని పిలిస్తే ‘ఊఁ’ అన్నాడు గాని కళ్లు తెరవలేదు. ఏమైందో తెలియకపోయినా ఏదో అయిందని ఆమెకు తోచింది. పాకుతూ వెళ్లి ఒక రాయి తన్ని, గుడ్డ ఎత్తి, చంటిదాన్ని గొంగళితో సహా బయటి గడ్డిలోకి ఈడ్చింది. తరువాత వాణ్ణి. కేకలకు కావలివాడు వచ్చి నన్ను కాళ్లు పట్టి లాగాడు. పిల్లలిద్దరూ వాంతులు చేసుకున్నారు. చంటిది ఏడవడానికి ఎంతసేపు పట్టిందో నేను గడియారం చూడలేదు; ఆ గడ్డి మీది మంచు నా అరచేతులకు అంటుకున్న చల్లదనం మాత్రం ఈ రోజుకూ గుర్తుంది. ‘బొగ్గులు లోపలెట్టి మూసేసుకుంటారా మాస్టారూ’ అని కావలివాడు ఒక్క మాట అన్నాడు. తెల్లవారి ఆసుపత్రికి తీసుకువెళ్లాం. ఇంటికి వచ్చాక అందరికీ ఘాటు రోడ్డులో పిల్లలకు వాంతులయ్యాయని చెప్పాం.

బొగ్గులు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగూ వాసనా లేవు. పొగ ఆగిపోయి బూడిద కమ్మిన నిప్పు కూడా దానిని వదులుతూనే ఉంటుంది. నెత్తురులో ప్రాణవాయువును మోసే పదార్థానికి అది ప్రాణవాయువుకంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. పసిపిల్లలు మనకంటే త్వరత్వరగా ఊపిరి తీస్తారు కాబట్టి ముందు వాళ్లే సోలిపోతారు, చూసేవాళ్లకు మాత్రం హాయిగా నిద్రపోతున్నట్టే ఉంటుంది. మీ నైలాను టెంటుకు గాలి కిటికీలుంటాయని అల్లుడుగారు అనవచ్చు. కుంపటి గాని, గ్యాసు పొయ్యి గాని, గ్యాసు హీటరు గాని లోపల పెడితే ఆ జాలీలు చాలవు. ఇంజను నడుస్తున్న కారులో పడుకోవడం కూడా అదే ప్రమాదం. లోపల నిప్పు లేకపోయినా ఆ జాలీలను మాత్రం మూయవద్దు, మన ఊపిరి తేమకే లోపలంతా తడిసి తెల్లవారేసరికి పక్కబట్టలు నీరు కారతాయి. రాత్రివేళ ఒకరికంటే ఎక్కువమందికి తలనొప్పి, వికారం అనిపిస్తే కారణాలు వెతుక్కుంటూ కూర్చోక ముందు పిల్లలతో బయటికి వచ్చి 108కు ఫోను చెయ్యండి. టెంటు వేసుకునే చోట ఫోను సిగ్నలు ఉందో లేదో వెలుగు ఉండగానే చూసుకోండి. చింతపల్లిలోనూ, కింద నర్సీపట్నంలోనూ ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి.

అన్ని రగ్గులు కప్పినా చలికి పిల్లలు తట్టుకోలేకపోతే టెంటు అక్కడే వదిలేసి గది అద్దెకు తీసుకోండి. అందుకని ఒక గది సంగతి పగలే మాట్లాడి ఉంచుకోండి. డబ్బు దండగ అని అల్లుడుగారు అంటే ఆ డబ్బు నేనిస్తానని చెప్పు.

చలిమంట బయటే వేసుకోండి, పడుకునే ముందు నీళ్లు పోసి కర్రతో కలిపి మళ్లీ పోయండి. బూడిద కింద నిప్పు పొద్దునదాకా బతికే ఉంటుంది, పిల్లలు ఉత్త పాదాలతో అందులోకే పరుగెత్తుతారు. తాజంగి చెరువు దగ్గర చంటిదాని చెయ్యి వదలవద్దు. తెల్లవారుజామున చెరువులవేనం కొండ మీదినుంచి మబ్బులు చూడాలంటే మీలో ఒకరు వెళ్లండి, రెండోవారు పిల్లల దగ్గర ఉండండి. మరునాడు వంతు మార్చుకోవచ్చు. పిల్లలకు మబ్బులకంటే ఎండ వచ్చాక వలిసెపూల చేను పక్కన మట్టిలో ఆడుకోవడమే ఎక్కువ ఇష్టం. మీ అన్నయ్యకు ఆ ప్రయాణంలో గుర్తున్నదల్లా కావలివాడి కుక్కపిల్ల ఒక్కటే.

మీ పెద్దమ్మ ఆ రాత్రి చంటిదాన్ని చుట్టి ఈడ్చిన గొంగళి ఇంకా నా దగ్గరే ఉంది. ఒక మూల కుంపటి తగిలి కాలింది గాని ఇంకా వెచ్చగానే ఉంటుంది, ఎండలో వేసి ఉంచాను. ఈ ఉత్తరం మీ నాన్నకు చూపించాలో వద్దో నీ ఇష్టం. మీరు కొండ ఎక్కేది నర్సీపట్నం మీదుగానే కనుక ఇంటి దగ్గర ఆగకుండా పోవద్దు. అల్లుడుగారి బొగ్గుల సంచీ మా అరుగు మీద దించి, గొంగళి తీసుకుని వెళ్లండి. తిరుగు ప్రయాణంలో ఎవరివి వారు తీసుకుందాం.

ఇట్లు,
మీ పెద్దనాన్న