గేమ్‌లోని మార్కెట్ల మీద పీజీ చేస్తానంటున్నాడు, చేయనివ్వాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఎకనామిక్స్ డిగ్రీ రెండో సంవత్సరం. పీజీలో ఆన్‌లైన్ గేమ్‌లలోని వ్యాపారం మీద పరిశోధన చేస్తానంటున్నాడు. ఇలాంటి చదువు నిజంగా ఉందా, ఆడుకోవడానికి సాకు చెబుతున్నాడా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి

జవాబు: ఉందమ్మా, ఇరవై ఏళ్లకు పైగానే ఉంది. 2001లో ఎడ్వర్డ్ కాస్ట్రనోవా అనే అమెరికా ప్రొఫెసర్ ఎవర్‌క్వెస్ట్ అనే గేమ్‌లోని వస్తువులను ఆటగాళ్లు బయట అసలు డాలర్లకు ఎంతకు అమ్ముకుంటున్నారో చూసి, ఆ ఊహాలోకానికి తలసరి ఉత్పత్తి లెక్కకట్టారు. 2,266 డాలర్లు తేలింది, అంటే అప్పటి రష్యాకూ బల్గేరియాకూ మధ్యలో. 2012లో వాల్వ్ అనే గేమ్ కంపెనీలో ఎకనామిస్టుగా చేరిన యానిస్ వరౌఫాకిస్ 2015లో గ్రీస్ ఆర్థిక మంత్రి అయ్యారు.

ఇంతకీ ఎకనామిస్టులకు గేమ్‌తో ఏం పని అంటే, బయటి ప్రపంచంలో ఎవరు ఏం కొన్నారో సర్వేలు చేసి అంచనా వేసుకోవాలి, గేమ్‌లో మాత్రం ప్రతి లావాదేవీ సర్వర్‌లో రికార్డవుతుంది. ద్రవ్యోల్బణమే తీసుకోండి. రాక్షసుణ్ని చంపిన ప్రతిసారీ కొత్త నాణేలు పుడతాయి, కత్తి రిపేరుకో అమ్మకపు పన్నుకో కట్టినవి ఆటలోంచి మాయమైపోతాయి. చెరువులోకి నీళ్లు వస్తూనే ఉండి తూము మూసేస్తే ఏమవుతుందో ఇక్కడా అంతే, నాణేలు పేరుకుపోయి ధరలు ఎగబాకుతాయి, కొత్తగా చేరినవాళ్లు మామూలు కత్తి కూడా కొనలేరు. పుస్తకంలో ఒక సమీకరణంగా చదివే సంగతిని కుర్రాడు కళ్లారా చూస్తాడు. నాకైతే ఇది చాలా మంచి ప్రయోగశాల అనిపిస్తుంది.

అయితే గేమ్‌ను దేశం అనుకోకూడదు. విసుగొస్తే ఆటగాడు లాగౌట్ అయిపోతాడు, దేశంలో అలా కుదరదు. నియమాలన్నీ ఒక్క కంపెనీ చేతిలో ఉంటాయి, డేటా కూడా వాళ్లదే, ఇస్తేనే పరిశోధన. ఈ తేడాలు మీవాడు తనంతట తాను చెప్పగలిగితే సగం సందేహం తీరినట్టే.

నా సలహా ఒక్కటే, డిగ్రీ పేరులో గేమ్ అన్న మాట ఉండాల్సిన అవసరం లేదు. పీజీ ఎకనామిక్స్‌లోనే చేయమనండి, స్టాటిస్టిక్స్, ఎకనోమెట్రిక్స్ (ఆర్థిక విషయాలను గణాంకాలతో పరీక్షించే పద్ధతి), పైథాన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాష గట్టిగా నేర్చుకోమనండి, గేమ్ మార్కెట్‌ను థీసిస్ అంశంగా పెట్టుకోమనండి. గైడ్‌గా మార్కెట్ డిజైన్ (మార్కెట్ నియమాలు ఎలా ఉండాలో చూసే శాఖ) మీదో, ప్రయోగాత్మక ఎకనామిక్స్ (మనుషుల నిర్ణయాలను ప్రయోగాలతో పరీక్షించే శాఖ) మీదో పనిచేసేవాళ్లను వెతుక్కోవాలి. రేపు గేమ్ కంపెనీలో ఉద్యోగం దొరక్కపోయినా ఇదే నైపుణ్యం ఆన్‌లైన్ అమ్మకాల సంస్థల్లో, బ్యాంకుల్లో, డేటా ఉద్యోగాల్లో పనికొస్తుంది. గేమ్ ఉద్యోగాలు మాత్రమే నమ్ముకుంటే ఇబ్బంది, అవి తక్కువ.

సాకా కాదా అన్నది తేల్చుకోవడానికి ఈ సెలవుల్లో ఒక పని అప్పగించండి. తను ఆడే గేమ్‌లో ఒకే ఒక్క వస్తువు ధర నెల రోజుల పాటు రోజూ రాసుకుని, ఎప్పుడు పెరిగింది, ఎందుకు పెరిగింది అన్నది నాలుగు పేజీల్లో, గేమ్ ఎప్పుడూ ఆడని మీకు అర్థమయ్యేలా రాయమనండి. ఆడటం ఇష్టమున్నవాడు వారానికే వదిలేస్తాడు. ఎకనామిక్స్ ఇష్టమున్నవాడు అయిదో పేజీ కూడా రాసుకొస్తాడు. అలా రాసుకొస్తే దాన్ని తీసుకుని వాళ్ల ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లమనండి.