వెన్నుపూసకు వేసిన సిమెంటు ఊపిరితిత్తుల్లోకి చేరితే: మా అమ్మకు జరిగింది

మీ నాన్నగారికి నలిగిన వెన్నుపూసలో సిమెంటు వేశారని, తరువాత సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో సిమెంటు ముక్కలు కనిపించాయని, ఆయాసం లేదు కాబట్టి గమనిస్తూ ఉందామని డాక్టరు అన్నారని రాశారు. వైద్యం చేయకుండా వదిలేస్తున్నారేమోనని మీ భయం. మూడేళ్ల క్రితం ఇదే భయంతో నేను ఆసుపత్రి వరండాలో రాత్రంతా కూర్చున్నాను.

అమ్మ స్నానాల గదిలో జారిపడి వెన్నుపూస నలిగింది. వెర్టిబ్రోప్లాస్టీ, అంటే నలిగిన పూసలోకి సూదితో సిమెంటు ఎక్కించడం, చేసిన సాయంత్రానికే నొప్పి తగ్గి లేచి కూర్చుంది. మరునాడు నాలుగడుగులు నడిస్తే ఆయాసం. వయసు, కంగారు అన్నారు వార్డులో. నేనూ నమ్మాను. అది తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆ రాత్రి ఒక్క మాట పూర్తిచేయడానికి ఆమె రెండుసార్లు ఊపిరి తీసుకోవడం చూసి పట్టుబట్టాను. ఆక్సిజన్ 89 ఉంది. ఎక్స్‌రేలో తెల్లటి సన్నని గీతలు, తెగిన దారప్పోగుల్లా.

ఊపిరితిత్తుల డాక్టరు బొమ్మ గీసి చెప్పారు. వెన్నుపూస లోపల స్పాంజిలా ఉంటుంది, చుట్టూ సిరల వల. సిమెంటు ఇంకా పలచగా ఉండగానే ఎక్కిస్తే సిరల్లోకి జారి, గుండె కుడివైపు గదుల మీదుగా వెళ్లి ఊపిరితిత్తుల ధమనుల్లో ఇరుక్కుంటుంది. ఆ సిమెంటు పాలీమిథైల్ మెథాక్రిలేట్ అనే ప్లాస్టిక్. ఎక్స్‌రేలో కనబడాలని అందులో సాధారణంగా బేరియం లవణం కలుపుతారు.

రక్తం పలచబడే మందు దాన్ని కరిగిస్తుందని నేను అనుకున్నాను. కరిగించదు. గట్టిపడిన సిమెంటు అక్కడే ఉంటుంది. దానిమీద రక్తం గడ్డకట్టకుండా, నాళపు లోపలి పొర దాన్ని కప్పేవరకు మందు కాపలా కాస్తుంది. అమ్మకు ముందు హెపారిన్ ఇంజెక్షన్లు, తరువాత ఆరు నెలలు వార్ఫరిన్ ఇచ్చారు. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష తరచూ ఉండేది. ఆకుకూరల్లోని విటమిన్ కె వార్ఫరిన్ పనిని తగ్గిస్తుంది, అయినా వాటిని మానమనలేదు, ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ కాకుండా తినమన్నారు.

మీ నాన్నగారికి లక్షణాలు లేవు. ముక్కలు చిన్నవై, చివరి కొమ్మల్లోనే ఉంటే గమనించడమే సాధారణంగా పాటించే పద్ధతి, నిర్లక్ష్యం కాదు. చాలామందికి ఇలా స్కాన్‌లో అనుకోకుండానే బయటపడుతుంది. అయితే డాక్టరును ఒకటి సూటిగా అడగండి: సిమెంటు పెద్ద ధమనిలో ఉందా, అంచుల్లో ఉందా? గుండెలో ఏమైనా మిగిలిందేమో ఎకో (గుండె స్కాన్) చేయించాలా అనీ అడగండి, అక్కడ చిక్కుకున్న ముక్క గుండె గోడను గాయపరచవచ్చు. ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో పొడిచినట్టు నొప్పి, దగ్గులో రక్తం, కళ్లు తిరగడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారే వరకు ఆగకండి, 108కు ఫోను చేయండి. వయసు అంటే ఒప్పుకోకండి.

డిశ్చార్జి కాగితంలో ఈ సంగతి రాయించుకోండి. రెండేళ్ల తరువాత అమ్మ ఎక్స్‌రే చూసిన మరో డాక్టరు పాత క్షయ మచ్చలనుకుని కఫం పరీక్ష రాశారు. పాత స్కాన్ సీడీ చూపించాకే ఆగారు.

ఎముకలు ఇంకా గుల్లబారకుండా మందు మొదలుపెట్టారా? మీరు ఆ మాట రాయలేదు. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ అయిందో లేదో కనుక్కోండి, ఎందుకంటే మా ఇంట్లో అది ఆలస్యమై అమ్మకు మరో పూస నలిగింది.