హాల్ట్ పెడితే ప్రాసెసర్ లేస్తలేదు!

ప్రశ్న: అన్నా, మాది మిర్యాలగూడ, బీటెక్ మూడో సంవత్సరం. సొంతంగ చిన్న కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి ప్రోగ్రామ్) రాస్తున్న. పనిలేనప్పుడు ఖాళీ లూప్ తిప్పితే ల్యాప్‌టాప్ కాలిపోతుందని హాల్ట్ (ప్రాసెసర్‌ను పండబెట్టే ఇన్‌స్ట్రక్షన్) పెట్టిన, ఇప్పుడేమో ఒక్కోసారి కీ నొక్కినా ఉలకదు పలకదు, కాసేపటికి దానంతటదే లేస్తది. ఎందుకట్ల?

జవాబు: తమ్ముడూ, లూప్ తీసేసుడు మంచిదే. "పనుందా" అని చూసుడుకు, హాల్ట్‌కు మధ్యల సందుంది, ఆ సందుల ఇంటరప్ట్ (కీబోర్డో టైమరో ప్రాసెసర్‌ను లేపే పిలుపు) వచ్చిపోయిందనుకో, పనొచ్చి కూసుంటది గానీ ప్రాసెసర్ ఏం లేదనుకొని పండుకుంటది, ఇగ టైమర్ కొట్టేదాంక లేవదు. బోరుకాడ బుగ్గ చూసి, కరెంటు లేదని కండ్లు మూసినంక వచ్చినట్టు.

ముందుగాల సీఎల్ఐ ఇన్‌స్ట్రక్షన్‌తోని ఇంటరప్ట్‌లు ఆపి, అప్పుడు చూడు, పని లేకుంటే ఎస్‌టీఐ (ఇంటరప్ట్‌లను మళ్ల తెరిచేది), దాని ఎనుకనే హాల్ట్. ఆగి ఉన్న ఇంటరప్ట్‌లను ఎస్‌టీఐ తెరిచినా, ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ రకం) ప్రాసెసర్లల దాని తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ అయ్యేదాంక అవి లోపలికి రావు, అందుకే రెండూ ఒకే అసెంబ్లీ ముక్కల పక్కపక్కనే ఉండాలె. మధ్యల ఇంకోటి దూరిందా, మళ్ల మొదటికే. లైనక్స్‌ల గూడ గిట్లనే రాస్తరు.

ఇంకోటి, 2007ల లైనక్స్ 2.6.21 తోని ఖాళీగున్నప్పుడు టిక్ (టైమర్ మాటిమాటికి కొట్టే దెబ్బ) ఆపే పద్ధతొచ్చింది, నువ్వు గూడ మోజుపడి అది పెట్టినవనుకో, ఇప్పుడు నిన్ను కాపాడుతున్న ఆ టైమర్ గూడ ఉండదు.