వేట ముగిశాక మొదలయ్యే పని: ఒక యువ రచయితకు లేఖ

తిరుపతి

చిరంజీవి నాయనకు ఆశీస్సులు.

నీవు పంపిన కథ అందింది, రెండుసార్లు చదివాను. 1960ల నాటి పల్లె, రాయలచెరువు లాంటి పెద్ద చెరువు, తెల్లవారుజామున గట్టు మీద పొంచి కూర్చున్న పెద్దాయన, ఆయన పన్నెండు బోరు తుపాకి, నీటి మీది నుంచి లేచిన బాతుల గుంపు, ఇవన్నీ శ్రద్ధగా రాశావు. తుపాకి పేలడానికి నీకు మూడు పుటలు పట్టాయి. ఆ తరువాత, "ఆడవాళ్లు బాతులను శుభ్రం చేసి పులుసు పెట్టారు" అని ఒక్క వాక్యంతో పెరడు దాటి నేరుగా విస్తళ్ల దగ్గరికి వెళ్లిపోయావు. నా అభిప్రాయంలో నీ కథ ఆ వాక్యంలోనే చిక్కుకుపోయింది. ఈ ఉత్తరమంతా దాని గురించే.

వేటలో గురి చూడడం, కాల్చడం కొద్ది నిమిషాల పని. చచ్చిన పక్షిని కూర కుండ దాకా చేర్చడానికి మాత్రం ఒక పూట పడుతుంది. ఆ పూటంతా వేటాడినవాడు అక్కడ ఉండడు. తుపాకి గోడకు తగిలించి, స్నానం చేసి, అరుగు మీద కూర్చుని నలుగురికీ తన గురి సంగతి చెబుతుంటాడు. పెరట్లో గోనెసంచి పరుచుకుని కూర్చున్నవాళ్లు, చేతులు ఆగకుండానే, ఆయన గురించి మాట్లాడుకుంటారు. ఆయన ఎలాంటివాడో పాఠకుడికి తెలియవలసింది ఆ మాటల్లోనే. నీవు దాన్ని అరుగు మీద ఆయన నోటితోనే చెప్పించావు కనుక కథంతా ఆయన పొగడ్తగా మారింది.

పెరట్లోకి వెళ్లే ముందు కొన్ని చిన్న దిద్దుబాట్లు. నీ వేట ఉగాది ముందు రోజు జరిగింది. మన ప్రాంతపు చెరువులు ఈశాన్య రుతుపవనాల వానలతో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు లోపల నిండుతాయి. ఉత్తర ఆసియా నుంచి వచ్చే సూదితోక బాతుల వంటివి చలికాలమంతా ఉండి, ఎండలు ముదిరేలోగా తిరుగు ప్రయాణం కడతాయి. ఉగాది నాటికి అంత పెద్ద గుంపు దొరకడం కష్టం. చుక్కమూతి బాతు, ఈలవేసే బాతు ఈ దేశంలోనే ఉండిపోయేవి కనుక, పండుగ నీకు అంత ముఖ్యమైతే పక్షిని మార్చుకో. నన్నడిగితే పండుగనే మార్చి కథను సంక్రాంతి ముందుకు తెమ్మంటాను. సూదితోక మగబాతుకు గోధుమరంగు తల, మెడ పక్కగా పైకి పాకే తెల్లని చార నిండుగా కనిపించేది కూడా అప్పుడే. వచ్చిన కొత్తలో అది ఆడబాతులాగే మాసిన రంగులో ఉంటుంది. ఇంకొకటి, ఆరు బాతులతో వీధి మొత్తానికి విందు పెట్టించావు. పెద్ద సూదితోక బాతు బతికి ఉండగానే కిలో అటూ ఇటూ తూగుతుంది, ఈలవేసే బాతు అరకిలో చిల్లర. ఈకలు, పేగులు, రెక్కలు పోగా మిగిలేది ఇంటివాళ్లకు సరిపోతే గొప్ప. పోతే, 1960లలో తిరుపతి జిల్లా లేదు. తిరుపతి చిత్తూరు జిల్లాలో ఉండేది, పులికాట్ తీరం నెల్లూరు జిల్లాలో ఉండేది, కొత్త జిల్లా 2022లో వచ్చింది.

ఇక ఈకల సంగతి. కోడి బొచ్చు పీకిన ఇంట్లో పెరిగినవాడివి కనుక బాతు కూడా అంతేనని అనుకున్నట్టున్నావు. నీ కథలో ఒకామె బాతును మరిగే నీళ్లలో ముంచి తీయగానే ఈకలు "జలజలా" రాలాయి. అలా రాలవు. బాతు తోక మొదట్లో ఒక నూనె తిత్తి ఉంటుంది. బతికి ఉన్నంతకాలం పక్షి ముక్కుతో ఆ నూనె తీసి ఒళ్లంతా పూసుకుంటూనే ఉంటుంది. నూనె పట్టి, ఒకదాని మీద ఒకటి బిగుసుకున్న ఈకల మీద నీరు నిలవదు, లోపలికి దిగదు. వేడినీళ్లతో చేసేవాళ్లు నీటిలో కాస్త సబ్బు కలిపి, కాళ్లు పట్టుకుని పక్షిని పైకీ కిందికీ ఆడిస్తూ, ఈకల అడుగుకు నీరు చేరేదాకా ఓపిక పడతారు. నీరు మరుగుతూ ఉండకూడదు. మరిగే నీళ్లలో చర్మం ఉడికి, ఈకతో పాటే ఊడి వస్తుంది. వేలు ముంచి వెంటనే లాగేసుకునేంత వేడి చాలు.

వేడినీళ్లు లేకుండా పొడిగా పీకడం రెండో పద్ధతి; నీ కథకు అదే నప్పుతుందని నా నమ్మకం, ఎందుకంటే అందులో మాటలకు తీరిక ఉంటుంది. పక్షి ఒంట్లో వెచ్చదనం ఉండగా ఈక సులువుగా వస్తుంది కాని, అప్పుడు చర్మం మెత్తగా ఉండి త్వరగా చిరుగుతుంది. చల్లబడ్డాక చర్మం గట్టిపడుతుంది, ఈక కూడా బిగుసుకుంటుంది. అందువల్ల చేయి తిరిగినవాళ్లు గుప్పిటతో లాగరు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నాలుగైదు ఈకలు పట్టి, రెండో చేత్తో చర్మాన్ని బిగించి, ఈక మొలిచిన వైపుకే చిన్నగా లాగుతారు. రొమ్ము దగ్గర మొదలుపెట్టి, పొట్ట, వీపు, తొడలు అయ్యాక మెడ వైపు వస్తారు. రెక్కల పెద్ద ఈకలతో పెనుగులాడి లాభం లేదు కనుక, కీలు దగ్గర కత్తిపీట మీద తెగ్గొట్టేస్తారు. గుండు తగిలిన చోట చర్మం అప్పటికే చిరిగి, ఈకలు మాంసంలోకి దూసుకుపోయి, నెత్తురు గడ్డకట్టి ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి ఎంత మాటకారి అయినా మాట ఆపి కళ్లు దగ్గరికి తెచ్చుకుని చూస్తుంది. నీ సంభాషణలో మౌనం ఎక్కడ పెట్టాలో నీకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు, ఆ చేతుల పనే చెబుతుంది.

పైఈకలు పోయాక అడుగున నూగు బయటపడుతుంది. విసుగంతా అక్కడే. నూగు తడిచేతికి అంటుకుంటుంది, చెమట పట్టిన మెడకు అంటుకుంటుంది, గాలి వీస్తే పక్కింటి ఎసట్లో పడుతుంది. అందుకే గాలి లేని మూల చూసుకుని కూర్చుంటారు. "ఈకలు మంచులా కురిశాయి" అని రాశావు. నీ కథలో ఉన్నవాళ్లెవరూ మంచు కురవగా చూసినవాళ్లు కారు, ఆ పోలిక నీకు చదువు వల్ల వచ్చింది, తీసెయ్. నూగును వేళ్లతో వీలైనంత తీసి, మిగిలినదాన్ని వరిగడ్డి మంట మీదో ఎండు తాటాకు మంట మీదో చుట్టూ తిప్పుతూ చుర్రుమనిపిస్తారు. నిలిపితే కొవ్వు కరిగి చర్మం నల్లబడుతుంది కనుక చేయి ఆడుతూనే ఉండాలి. వెంట్రుకలు కాలిన కంపు ఆ వీధి దాటుతుంది. దాచుకున్న వేట గుట్టు బయటపడవలసి వస్తే ఆ కంపు ఒక్కటి చాలు. ఆ పైన పసుపు రాసి రుద్ది కడిగితే, విచ్చుకోని గొట్టాల్లాంటి లేత ఈకలు ఎక్కడెక్కడ మిగిలాయో పసుపులో నల్లగా కనిపిస్తాయి. వాటిని గోటితో ఒక్కొక్కటే తీయాలి. నూనె తిత్తిని కోసి పారేయకపోతే కూరకు ముతక వాసన పడుతుంది. కొత్త కోడలు ఆ సంగతి మరచిపోయిందని రాస్తే, భోజనాల దగ్గర అత్తగారి మొహం నీవు వర్ణించనవసరం లేదు.

పొట్ట కోసే పని ఆలస్యం చేయించకు. చలిదేశాల్లో వేటపక్షులను రోజుల తరబడి వేలాడదీస్తారని ఎక్కడో చదివి, నీవు రెండు బాతులను మరునాటికి ఉంచావు. మన ఎండకు అలా కుదరదు. పేగుల్లోకి గుండు దూరిన పక్షి సాయంత్రానికే కంపు కొడుతుంది. తోక కింద చిన్నగాటు పెట్టి, వేళ్లు లోపలికి పోనిచ్చి, పేగులనూ కార్జాన్నీ కలిపి ఒక్కసారిగా బయటికి తీస్తారు. కార్జానికి అంటుకుని ఆకుపచ్చని పిత్తపు తిత్తి ఉంటుంది, అది చిట్లితే తగిలిన చోటల్లా చేదే. తరువాత మాంసాన్ని వేళ్లతో తడిమి సీసపు గుళ్లు వెతుకుతారు. ఎంత వెతికినా ఒకటో రెండో మిగిలి భోజనంలో పంటి కింద పడతాయి. నీ పెద్దాయన గురి గొప్పతనాన్ని ప్రశ్నించడానికి పెరట్లోవాళ్లకు ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు: ఆరు బాతుల్లో ఎన్ని గుళ్లు దొరికాయి, రొమ్ములో దొరికాయా తోక వైపు దొరికాయా అన్నది తడిమిన చేతులకు తెలుసు.

ఇప్పుడు కందనకాయ. ఇది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను. నీ పెద్దాయన వేటకు చెప్పుకున్న కారణం, బాతులు రాత్రిపూట తన వరిమడిలో దిగి కంకులు తింటున్నాయని. కథంతా ఆ మాటను నీవు నిజమనే నమ్మావు, పాఠకుణ్ణి నమ్మించావు. కందనకాయను శుభ్రం చేసేటప్పుడు దాన్ని అడ్డంగా చీల్చి, లోపలి సరుకు దులిపి, పసుపుపచ్చని గట్టి పొరను ఒలిచి పారేస్తారు. ఆ సరుకులో పక్షి తిన్నదేమిటో ఉంటుంది: వడ్లు కావచ్చు, చెరువు గడ్డిగింజలు కావచ్చు, నత్తగుల్లల ముక్కలు కావచ్చు, అరిగించుకోవడానికి మింగిన ఇసుకరాళ్లు ఎలాగూ ఉంటాయి. సూదితోక బాతులు వరిమళ్లలో మేయడం అబద్ధం కాదు. అయితే ఆ రోజు చచ్చిన ఆరూ ఎక్కడ మేశాయో ఆ కందనకాయలు చీల్చినామెకు తప్ప ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. ఆమె వడ్లు చూసిందా, గడ్డిగింజలు చూసిందా? చూసి అరుగు మీదికి వెళ్లి చెప్పిందా, నీళ్లు పోసి కడిగేసిందా? నీ కథ ఇక్కడ నడవాలి. ముందు పుటల్లో తుపాకి గురించి రాసిన దానిలో సగం తీసేసినా నష్టం లేదు.

ఈ పనిని చూడకుండా, చేయకుండా రాయలేవు. అలాగని వేటకు వెళ్లకు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1991 సవరణ తరువాత లైసెన్సు మీద వేటాడే దారి కూడా మూసుకుపోయింది. ఇప్పుడు అడవి బాతును కాల్చినా, వల వేసినా, కొన్నా నేరమే. ఆ చట్టం మంచిదేనని నా ఉద్దేశం. కోతలు అయ్యాక నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు పొలాల్లో పెంపుడు బాతులను మేపుకుంటూ ఊరూరా తిరిగేవాళ్లు కనిపిస్తారు. వాళ్ల దగ్గర ఒక బాతును కొని, ఎవరి సాయమూ లేకుండా, మొదటి ఈక నుంచి కందనకాయ దాకా నీ చేత్తో చెయ్యి. పెంపుడు బాతుకు కొవ్వు ఎక్కువ, ఒళ్లు పెద్దది. అడవి బాతు రొమ్ము మాంసం దానికంటే ముదురు ఎరుపు. ఆ తేడా గుర్తుంచుకుంటే మిగతా పని అంతా ఒక్కటే. బతికిన అడవి బాతులను చూడాలంటే చలికాలంలో పులికాట్ ఒడ్డుకు వెళ్లు, చెరువు పక్కన చచ్చిపడిన పక్షిని మాత్రం ముట్టుకోకు. వాటికి పక్షిజబ్బులు ఉండవచ్చు.

తిరిగి రాసేటప్పుడు ఒక జాగ్రత్త. నేను చెప్పినదంతా కథలో దించకు. పద్ధతి మొత్తం నీకు తెలిసి ఉండాలి, పుట మీద అందులో మూడో వంతు ఉంటే చాలు. పని చేసే మనిషి తన పనిని వర్ణించుకోదు. నూగు తీస్తూ చుట్టాల పెళ్లి గురించి మాట్లాడుతుంది. మన చిత్తూరు యాస సంభాషణల్లోనే ఉండనీ, కథనంలోకి తీసుకురాకు. ఈ విషయంలో నాతో ఏకీభవించనివాళ్లు ఉన్నారు, వాళ్లు బాగానే రాస్తున్నారు కూడా.

చివరిగా ఒక ప్రశ్న. బాతులు నీళ్లలో పడ్డాక, మెడ లోతు చలినీళ్లలో దిగి వాటిని ఏరి తెచ్చిన పిల్లవాడు నీ కథలో ఉన్నాడు, గట్టెక్కాక మాయమైపోయాడు. వాడికి వాటా ఏమిచ్చారు? బాతు ఇచ్చారా, నరికిన రెక్కలూ కాళ్లూ ఇచ్చారా, రాగిసంగటి ముద్దతో సరిపెట్టారా? ఎవరు ఇచ్చారు, అరుగు మీది నుంచా, పెరటి గుమ్మంలోంచా? అది తేల్చుకున్నాకనే రెండో ప్రతి నాకు పంపు.

ఇట్లు,
నీ మేలు కోరే పెద్దదాన్ని