నిందితులకు బెయిలు వచ్చింది, మా తమ్ముడి కేసు పోయినట్టేనా?

ప్రశ్న: మాది సికింద్రాబాద్. రెండు నెలల క్రితం రాత్రి మా వీధిలో బండి పార్కింగ్ దగ్గర మాటా మాటా పెరిగి ముగ్గురు కుర్రాళ్లు మా తమ్ముణ్ణి కత్తితో కడుపులో పొడిచారు. ఆపరేషన్ చేశారు, బతికి బయటపడ్డాడు. కంప్లైంట్ నేనే ఇచ్చాను. పోలీసులు హత్యాయత్నం కేసు పెట్టి ముగ్గుర్నీ రిమాండుకు పంపారు. 40 రోజులకే సెషన్స్ కోర్టు బెయిలు ఇచ్చేసింది. ఇప్పుడు అదే వీధిలో తిరుగుతున్నారు. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో రోజూ దీని మీదే గొడవ. కొందరు “కోర్టులతో అయ్యేది కాదు, దిశ కేసులో చేసినట్టు చేస్తేనే భయం ఉంటుంది” అంటున్నారు. కొందరు “పేదింటి కుర్రాళ్లు, వదిలేయండి” అంటున్నారు. కాలిఫోర్నియాలో ఉండే మా మరిది “ఇక్కడైతే ఇలాంటి ప్రాసిక్యూటర్ని ఓటేసి దింపేస్తారు” అంటాడు. కాలనీ పెద్దమనిషి ఒకాయన 5 లక్షలు ఇప్పిస్తాను, రాజీ పడమంటున్నారు. బెయిలు వచ్చిందంటే కేసు పోయినట్టేనా? మేం సొంతంగా లాయర్ని పెట్టుకోవచ్చా? రాజీ పడితే తప్పా?

జవాబు: అమ్మా, బెయిలు వస్తే కేసు పోదు. నేరం రుజువయ్యేదాకా మనిషిని జైల్లోనే ఉంచాలా వద్దా అన్నంతవరకే బెయిలు. దర్యాప్తులో ముఖ్యమైన భాగం పూర్తయింది, కత్తి దొరికింది, నిందితులకు స్థిరమైన అడ్రసు ఉంది అనిపిస్తే తీవ్రమైన కేసుల్లో కూడా కోర్టులు బెయిలు ఇస్తాయి. పొడిచినవాడు నెలన్నర తిరక్కుండా కళ్ల ముందు తిరిగితే ఎవరికైనా కడుపు మండుతుంది. మీ కాలనీవాళ్ల కోపాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆ కోపం తప్పు చోట ఖర్చయిపోతోంది.

ముందుగా ఆ బెయిలు ఆర్డరు సర్టిఫైడ్ కాపీ తీయించండి. అందులో షరతులు ఉంటాయి: వారానికోసారి స్టేషన్లో సంతకం పెట్టాలి, సాక్షుల జోలికి పోకూడదు లాంటివి. మీ ఏరియాలోకి రాకూడదన్న షరతు ఉండి కూడా తిరుగుతుంటే అది ఉల్లంఘనే. మిమ్మల్ని బెదిరించినా అంతే. భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) 483(3) సెక్షన్ కింద బెయిలు రద్దు కోరవచ్చు. ఊరికే “తిరుగుతున్నారు” అంటే చాలదు. ఏ తేదీన, ఎవరి ముందు, ఏమన్నారో రాసి స్టేషన్లో ఇచ్చి రసీదు తీసుకోండి. బెయిలు విషయంలో మీ మాట వినిపించే హక్కు కూడా మీకుంది. రైతుల మీదికి వాహనం ఎక్కించారన్న లఖింపూర్ ఖేరీ (ఉత్తరప్రదేశ్) కేసులో 2022 ఏప్రిల్లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారు ఉన్న ధర్మాసనం, దర్యాప్తు దగ్గర్నుంచి అప్పీలు దాకా ప్రతి దశలోనూ బాధితుడి వాదన వినాలని స్పష్టంగా చెప్పి, బాధితుల్ని సరిగా వినకుండా ఇచ్చిన బెయిలును రద్దు చేసింది.

ఇప్పుడు మీరు నిద్ర మానుకుని ఆలోచించాల్సింది చార్జిషీటు గురించి. ఎఫ్ఐఆర్‌లో హత్యాయత్నం, అంటే భారతీయ న్యాయ సంహిత 109 సెక్షన్ ఉంది (పాత ఐపీసీ లెక్కలో 307). గాయం కూడా అయింది కాబట్టి శిక్ష యావజ్జీవం దాకా పడొచ్చు. చార్జిషీటు వచ్చేసరికి ఇది 118(1)కి, అంటే ఆయుధంతో మామూలు గాయం చేయడానికి తగ్గిపోతే గరిష్ఠ శిక్ష 3 ఏళ్లే. చంపాలన్న ఉద్దేశం కనిపించలేదు అన్న ఒక్క వాక్యంతో అది జరిగిపోవచ్చు. ఉద్దేశాన్ని కోర్టు దేన్నిబట్టి చూస్తుంది? ఆయుధం ఏమిటి, దెబ్బ శరీరంలో ఎక్కడ తగిలింది, ఎంత లోతు, ఎన్నిసార్లు పొడిచారు, ఆ సమయంలో ఏమన్నారు. అందుకే ఆస్పత్రి కాగితాలే మీ కేసుకి ప్రాణం. ఎంఎల్‌సీ (పోలీసు కేసు అయ్యే గాయాలను ఆస్పత్రి రాసుకునే) రిజిస్టరు నమోదు, ఆపరేషన్ నోట్సు, డిశ్చార్జి సమ్మరీ, గాయాల సర్టిఫికెట్ అన్నీ దర్యాప్తు అధికారి దగ్గరకి చేరాయా అని అడగండి. గాయాల సర్టిఫికెట్లో “ప్రాణాపాయకరం” అన్న అభిప్రాయం డాక్టరు రాశారో లేదో చూడండి. రాయకపోతే, ఆపరేషన్ నోట్సు జతచేసి డాక్టరు అభిప్రాయం తీసుకోమని దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి.

ఇంకొకటి, దీనికి ఇప్పటికే ఆలస్యమైంది: సీసీ కెమెరాల ఫుటేజీ. దుకాణాల్లో, అపార్టుమెంట్లలో పాత రికార్డింగు మీద కొత్తది కొన్ని వారాల్లోనే పడిపోతుంది. పోలీసులు తీసుకున్నారో లేదో ఈరోజే కనుక్కోండి. తీసుకుని ఉంటే, భారతీయ సాక్ష్య అధినియమం 63 సెక్షన్ ప్రకారం దానికి సర్టిఫికెట్ కూడా ఉండాలి, లేకపోతే కోర్టులో ఆ వీడియోని సాక్ష్యంగా తీసుకోరని ఎదుటి లాయరు పట్టుకుంటాడు. కత్తి స్వాధీనం చేసుకునేటప్పుడు వీడియో తీయాలని నాగరిక సురక్షా సంహిత 105 సెక్షన్ చెబుతోంది (ఇక్కడినుంచి కొత్త చట్టం అన్నా, ఉత్త సెక్షన్ నంబరు చెప్పినా ఈ సంహితే). ఆ రాత్రి చూసినవాళ్ల వాంగ్మూలాలు మేజిస్ట్రేట్ ముందు నమోదయ్యాయా? పదేళ్లు, అంతకు మించి శిక్షపడే నేరాల్లో పోలీసులు సాక్షిని తీసుకొస్తే మేజిస్ట్రేట్ ఆ వాంగ్మూలం నమోదు చేయాల్సిందేనని 183 సెక్షన్లో ఉంది. పోలీసుల దగ్గర చెప్పింది రెండేళ్ల తర్వాత కోర్టులో కాదనడం తేలిక. మేజిస్ట్రేట్ ముందు చెప్పింది కాదనాలంటే సాక్షి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. మన నగరాల్లో ఇలాంటి కేసులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే: ఆలస్యంలో, అడ్డం తిరిగే సాక్షుల దగ్గర, సగం సగం దర్యాప్తులో. వాట్సాప్‌లో మాత్రం వీటి గురించి ఎవరూ మాట్లాడరు.

కంప్లైంట్ ఇచ్చింది మీరే కాబట్టి, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా మీకు తెలియజేయడం పోలీసుల బాధ్యత (193 సెక్షన్). ఫోన్ మెసేజి ద్వారా అయినా చెప్పవచ్చు. చెప్పకపోతే ఏసీపీకి, డీసీపీకి రాయండి.

లాయరు సంగతి. సెషన్స్ కోర్టులో కేసు నడిపేది ప్రభుత్వ లాయరు, అంటే పబ్లిక్ ప్రాసిక్యూటరే (పీపీ). అయితే ఆయనకి సహాయంగా బాధితుడు సొంత లాయర్ని పెట్టుకోవడానికి కోర్టు అనుమతించవచ్చని చట్టంలో ఉంది. వకాలత్ మీద సంతకం మీ తమ్ముడిది ఉండాలి, మీది కాదు. దీనివల్ల ఒక పెద్ద లాభం ఉంది. బాధితుడికి లాయరు ఉంటే చార్జిషీటు, వాంగ్మూలాల కాపీలు నిందితుడితో పాటు అతనికీ ఉచితంగా ఇవ్వాలి (230 సెక్షన్). పరిమితి కూడా చెబుతాను, లేకపోతే తర్వాత నిరాశపడతారు. మీ లాయరు నేరుగా లేచి సాక్షుల్ని ప్రశ్నించలేరని 2019లో సుప్రీంకోర్టు రేఖా మురార్కా కేసులో తేల్చింది. అడగాల్సిన ప్రశ్నలు పీపీకి అందించవచ్చు, సాక్ష్యం ముగిశాక కోర్టు అనుమతితో రాతపూర్వక వాదన ఇవ్వవచ్చు. ఒక్కో పీపీ చేతిలో ఎన్ని ఫైళ్లు ఉంటాయో నాంపల్లి కోర్టుకి వెళ్లినవాళ్లకి తెలుసు. గాయాల సర్టిఫికెట్లో ఏ పేజీలో ఏముందో సిద్ధంగా అందించే లాయరు పక్కనుంటే ఆయనకీ మేలే. పీపీ పట్టించుకోవడం లేదనిపిస్తే డైరెక్టర్ ఆఫ్ ప్రాసిక్యూషన్‌కి రాయండి. పదేళ్లు, అంతకు మించి శిక్షపడే కేసుల మీద నిఘా పెట్టి వేగంగా నడిపించడం కొత్త చట్టం ఆ అధికారికి అప్పగించిన పని.

మీ మరిది చెప్పింది నిజమే. శాన్‌ఫ్రాన్సిస్కోలో డిస్ట్రిక్ట్ అటార్నీని, అంటే అక్కడి ప్రధాన ప్రాసిక్యూటర్ని జనమే ఎన్నుకుంటారు. నేరగాళ్ల పట్ల మెతగ్గా ఉన్నాడన్న ఆరోపణ మీద చేసా బౌదిన్ని 2022 జూన్‌లో రీకాల్ ఓటు పెట్టి, సుమారు 55 శాతం ఓట్లతో దింపేశారు. కాని అక్కడా సగం నగరం ఒకవైపు, సగం ఇంకోవైపు నిలబడి వాదించుకుంది. ఓటు మీద బతికే ప్రాసిక్యూటరు జనం కోపం ఎటు ఉంటే అటు వంగే ప్రమాదం ఉంది. మన దగ్గర పీపీని నియమించేది ప్రభుత్వం, కాబట్టి ఇక్కడి ప్రమాదం వేరు, రాజకీయ ఒత్తిడితో కేసు వెనక్కి తీసుకోవడం. దానికీ కొత్త చట్టం ఒక అడ్డు పెట్టింది. బాధితుడి మాట వినకుండా కేసు ఉపసంహరణకి కోర్టు అనుమతి ఇవ్వకూడదని 360 సెక్షన్లో చేర్చారు. పాత చట్టంలో ఈ మాట లేదు.

ఇక దిశ కేసు. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపిన ఘోరం తలుచుకుంటే ఇప్పటికీ మనసు కుదుటపడదు. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ తర్వాత ఏం జరిగిందో మీ గ్రూపులో ఎవరైనా రాశారా? సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటకు వచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, 10 మంది పోలీసుల మీద హత్య కేసు నడపాలని, నలుగురిలో ముగ్గురు ఘటన నాటికి మైనర్లని ఆ కమిషన్ చెప్పింది. ఆ నలుగురూ దోషులని ఏ కోర్టూ సాక్ష్యం చూసి తేల్చలేదు, ఇక తేల్చే వీలూ లేదు.

దీని పక్కన ఇంకో కేసు పెట్టి చూడండి. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక బీఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. రాష్ట్రమంతా అట్టుడికింది. పోలీసులు ఒక యువకుణ్ణి పట్టుకున్నారు, 2010లో కింది కోర్టు శిక్ష వేసింది, 2017 మార్చిలో హైకోర్టు నిర్దోషి అని వదిలేసింది. అప్పటికి అతను ఎనిమిదేళ్లు జైల్లో ఉన్నాడు. ఆ పిల్లని చంపిందెవరన్న ప్రశ్న మళ్లీ మొదటికొచ్చి, 2018లో హైకోర్టు కేసుని సీబీఐకి అప్పగించాల్సి వచ్చింది. పట్టుకున్న మొదటి రోజే ఆ యువకుణ్ణి కాల్చేసి ఉంటే అప్పుడూ పూలే చల్లేవాళ్లం కదమ్మా! ఎన్‌కౌంటర్ కోరుకోవడం బాధితుల పక్షాన నిలబడటం అని నేను ఎప్పటికీ ఒప్పుకోను.

“పేద కుర్రాళ్లు” అన్నవాళ్ల మాటా పూర్తిగా కొట్టిపారేయలేం, కాని దానికి సమయం ఇది కాదు. నేరం రుజువయ్యాక శిక్ష ఎంత వేయాలన్నప్పుడు వయసు, కుటుంబ పరిస్థితి కోర్టు చూస్తుంది. ముగ్గురిలో ఎవరికైనా 18 నిండకపోతే అతని కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకి వెళుతుంది.

చివరగా రాజీ. హత్యాయత్నం కేసులో రాజీకి చట్టం ఒప్పుకోదు. కాలనీ పెద్దమనిషి కాదు, సెషన్స్ జడ్జి కూడా రాజీ కాగితం చూసి కేసు మూసేయలేరు. హైకోర్టు తన ప్రత్యేక అధికారంతో కొట్టేయగలదు. అప్పుడు కూడా గాయం ఎక్కడ, ఆయుధం ఏమిటి అని చూడాలని 2014లో నరీందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కడుపులో కత్తిపోటు, ఆపరేషన్ అంటే కొట్టేయించుకోవడం కష్టం. మరి ఆ 5 లక్షలు దేనికి? రేపు కోర్టులో మీ తమ్ముడు “చీకట్లో ఎవరు పొడిచారో చూడలేదు” అని చెప్పడానికి. ప్రమాణం చేసి అబద్ధం చెబితే అది మీ తమ్ముడి మీదకే కేసు అవుతుంది. నేరస్థుణ్ణి శిక్ష తప్పించడానికి డబ్బు తీసుకోవడం కూడా నేరమే. గాయపడ్డ మనిషి స్వయంగా ఇచ్చే సాక్ష్యానికి కోర్టులు ప్రత్యేకమైన విలువ ఇస్తాయి. ఆ విలువని 5 లక్షలకి అమ్ముకోకండి. మీ కష్టం నాకు అర్థమవుతుంది, ఆస్పత్రి బిల్లు ఎదురుగా ఉన్నప్పుడు ఆ డబ్బు కనబడుతుంది. ఆ అవసరానికి జిల్లా న్యాయసేవాధికార సంస్థలో 396 సెక్షన్ కింద పరిహారం కోసం దరఖాస్తు పెట్టండి. ఆ విచారణని వాళ్లు 2 నెలల్లో ముగించాలి. ఉచిత లాయరు కావాలన్నా అక్కడే అడగవచ్చు. రాజీ పేరుతో బెదిరింపులు వస్తుంటే, 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి కూడా ఒక దరఖాస్తు ఇవ్వండి. దాని మీద ఏసీపీ ప్రమాద నివేదిక ఇవ్వాలి. ఈ రెండు దరఖాస్తులకీ ఎఫ్ఐఆర్ కాపీ, డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు జతచేసి, తమ్ముడి చేత సంతకం పెట్టించండి.