మెస్ ఫోటో పెట్టినందుకు షోకాజ్ నోటీసు: సంతకం పెట్టాలా?

ప్రశ్న: మేడమ్ గారూ, నేను ఒక డీమ్డ్ యూనివర్సిటీలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్న అమ్మాయిని. హాస్టల్లో ఉంటాను. ఈ మధ్య రాత్రి భోజనంలో సాంబారులో పురుగులు కనిపించాయి. అంతకుముందు కూడా మెస్ కమిటీకి చెప్పాం, ఎవరూ పట్టించుకోలేదు. ఫోటో తీసి ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలో పెట్టి, ‘ఇదీ మా తిండి. వార్డెన్ కమీషన్లు తింటుంటే మేం పురుగులు తినాలి’ అని రాశాను. ‘సంస్థ ప్రతిష్ఠకు భంగం కలిగించే ప్రవర్తన’ అంటూ నాకు షోకాజ్ నోటీసు ఇచ్చారు. మూడు రోజుల్లో సమాధానం చెప్పాలట. క్షమాపణ పత్రం వాళ్లే టైప్ చేసి ఇచ్చి, సంతకం పెడితే వదిలేస్తామని, లేదంటే హాల్‌టికెట్ ఆపేస్తామని, పోలీసులకు అప్పగిస్తామని అంటున్నారు. అడ్మిషన్ అప్పుడు సోషల్ మీడియాలో కాలేజీ గురించి ఏమీ రాయనని నేనూ నాన్నగారూ బాండు మీద సంతకాలు చేశాం. నాన్నగారేమో సంతకం పెట్టేసి బయటపడమంటున్నారు. నాకు మాట్లాడే హక్కు లేదా? (పేరు రాయవద్దు)

జవాబు: ముందు ఆ టైపు చేసిన కాగితం సంగతి చూద్దాం. ఇలాంటి క్షమాపణ పత్రాల్లో ఒక వాక్యం తరచూ ఉంటుంది: ‘నేను సంస్థ గురించి అసత్య ప్రచారం చేసితిని.’ మీ దాంట్లో ఉందేమో చూడండి. ఉంటే సంతకం పెట్టకండి. పురుగులు నిజంగానే వచ్చాయి, ఫోటో నిజంగానే తీశారు. అబద్ధం చెప్పానని మీరే రాసిచ్చాక, రేపు అదే కాగితం చూపించి సస్పెండ్ చేసినా, పరువు నష్టం దావా వేసినా మీ తరఫు లాయరుకు వాదించడానికి పెద్దగా ఏమీ మిగలదు. ‘వదిలేస్తాం’ అన్నది నోటిమాట. కాగితం మాత్రం వాళ్ల ఫైల్లోనే ఉంటుంది. నాన్నగారి టెన్షన్ అర్థం చేసుకోగలను, ఫీజులు కట్టేది ఆయనే కదా. ఈ ఒక్క పేరా ఆయనకు చదివి వినిపించండి.

ఇక హక్కు విషయం. రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం ప్రతి పౌరుడికీ భావ ప్రకటన స్వేచ్ఛ ఇచ్చింది. దానికి ఏయే కారణాలతో హద్దులు పెట్టవచ్చో 19(2)లో ఉంది: దేశ సార్వభౌమత్వం, సమగ్రత, భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి రెచ్చగొట్టడం. ‘సంస్థ ప్రతిష్ఠ’ ఈ జాబితాలో లేదు. పరువు నష్టం ఉంది, కానీ రెండూ ఒకటి కాదు. మెస్‌లో పురుగులు వచ్చాయన్న నిజం బయటికొస్తే కాలేజీ పేరు పాడవుతుంది, నిజమే. అలాగని ప్రజల మేలు కోసం చెప్పిన నిజం నేరం కాదు. భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 356వ సెక్షన్‌లో మొదటి మినహాయింపే అది. హాస్టల్లో అందరూ తినే తిండి గురించి చెప్పడం ప్రజల మేలు కాకపోతే ఇంకేది అవుతుంది?

‘మాది ప్రైవేటు సంస్థ, మాకు రాజ్యాంగం వర్తించదు’ అని వాళ్లు అనవచ్చు. కోర్టులో వాళ్ల లాయరు మొదట లేవనెత్తే అభ్యంతరం ఇదే. ప్రభుత్వ యూనివర్సిటీ అయితే ఈ చర్చే రాదు. డీమ్డ్ యూనివర్సిటీ విషయంలో 2015లో జానెట్ జయపాల్ కేసు ఉంది. ఒక లెక్చరర్ తొలగింపు మీద వచ్చిన ఆ కేసులో, ఉన్నత విద్య అందించడం ప్రజాసంబంధమైన పని కాబట్టి ప్రైవేటు డీమ్డ్ యూనివర్సిటీ మీద కూడా హైకోర్టులో రిట్ (హక్కుల రక్షణ కోరే పిటిషన్) వేయవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో కౌశల్ కిశోర్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం మెజారిటీ తీర్పు ఇంకో అడుగు ముందుకేసి, 19వ అధికరణం హక్కును ప్రభుత్వేతరుల మీద కూడా అమలు చేయించుకోవచ్చని చెప్పింది. ఇది ఎంత దూరం పోతుందో కింది కోర్టులు ఇంకా తేల్చుకుంటున్నాయి. కాబట్టి దీని ఒక్కదాని మీదే ఆధారపడవద్దు.

బాండు గురించి మీరు మరీ భయపడనక్కర్లేదు. ప్రాథమిక హక్కును సంతకం పెట్టి వదులుకోవడం కుదరదని బశేషర్ నాథ్ కేసులో 1958లోనే చెప్పారు, ఓల్గా టెల్లిస్ కేసులో 1985లో మళ్లీ చెప్పారు. సీటు కావాలంటే సంతకం పెట్టాల్సిందే అన్నప్పుడు పెట్టిన సంతకం ఇది. అలాగని బాండు మొత్తం చిత్తు కాగితం కాదు. ర్యాగింగ్, హాజరు, క్లాసులు అడ్డుకోవడం లాంటి షరతులు చెల్లుతాయి. హాస్టల్ రూల్స్ ఎంతవరకు పోవచ్చన్నదానికి కేరళ హైకోర్టు 2019 నాటి ఫహీమా షిరిన్ తీర్పు మంచి ఉదాహరణ. హాస్టల్లో రాత్రి కొన్ని గంటలు ఫోన్ వాడకూడదన్న నిబంధనను కాదన్నందుకు కోజికోడ్ దగ్గర ఒక కాలేజీ ఆమెను హాస్టల్ నుంచి పంపేసింది. కోర్టు ఆ చర్యను కొట్టేసి తిరిగి చేర్చుకోమంది. క్రమశిక్షణ కోసం రూల్ పెట్టవచ్చు గానీ, విద్యార్థి హక్కునే తుడిచేసేలా పెట్టకూడదని ఆ తీర్పు సారం.

ఇప్పుడు అసలు మాట. మన దగ్గర కోర్టులకెక్కి నెగ్గిన విద్యార్థుల కేసులు చూస్తే, ‘మాట్లాడే హక్కు’ గురించి పెద్ద తీర్పులు తక్కువే. ‘మా మాట వినకుండా శిక్షించారు’ అన్న పాయింటు మీద నెగ్గినవే ఎక్కువ. 1962లోనే ఘన్‌శ్యామ్ దాస్ గుప్తా కేసులో, వివరణ అడగకుండా విద్యార్థుల ఫలితాలు రద్దు చేసిన ఉత్తరప్రదేశ్ ఇంటర్ బోర్డు నిర్ణయాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. జేఎన్‌యూలో విద్యార్థి నాయకుడు కన్హయ్య కుమార్‌కు వేసిన పది వేల రూపాయల జరిమానాను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. ఒక డాక్యుమెంటరీ ప్రదర్శన గొడవలో ఢిల్లీ యూనివర్సిటీ ఒక పీహెచ్‌డీ విద్యార్థిని ఏడాది పాటు డిబార్ చేస్తే, ఉత్తర్వులో కారణాలు లేవని, సహజ న్యాయం (శిక్షించే ముందు అవతలి వారి మాట వినాలన్న సూత్రం) పాటించలేదని 2023లో అదే హైకోర్టు రద్దు చేసింది. 2025 మేలో పుణె ఇంజినీరింగ్ విద్యార్థిని కేసు మీరు వినే ఉంటారు. ఆపరేషన్ సిందూర్ మీద పోస్టు పెట్టి, గంటల్లోనే తీసేసి క్షమాపణ చెప్పినా అరెస్టు చేశారు, కాలేజీ వివరణ అడక్కుండానే రస్టికేట్ చేసింది. బాంబే హైకోర్టు విడుదల చేయమని, పరీక్షలు రాయనివ్వమని ఆదేశించింది. వెంటనే క్షమాపణ చెప్పినా ఆ అమ్మాయిని కాలేజీ వదల్లేదన్నది నాన్నగారు గమనించాల్సిన విషయం.

ఓడిన వాళ్లూ ఉన్నారు, అది దాచను. ముంబైలోని టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) పీహెచ్‌డీ విద్యార్థి ఒకరు ఢిల్లీ నిరసనలో సంస్థ పేరుతో ఉన్న బ్యానర్ కింద పాల్గొన్నాడని 2024లో రెండేళ్లు సస్పెండ్ చేస్తే, బాంబే హైకోర్టు 2025 మార్చిలో ఆ సస్పెన్షన్‌ను సమర్థించింది. తర్వాత సుప్రీంకోర్టు దాన్ని అప్పటికే గడిచిన కాలానికి కుదించి చదువు కొనసాగించనిచ్చింది. కాబట్టి మీ స్టోరీలో కాలేజీ లోగో పెట్టారా, విద్యార్థులందరి తరఫున అన్నట్టు రాశారా అన్నది చూసుకోండి. ఎక్కడ, ఎప్పుడు నిరసన తెలపాలన్నదాని మీద కూడా యూనివర్సిటీలకు కొంత పట్టు ఉంది. జేఎన్‌యూ 2023 చివర్లో అకడమిక్ భవనాలకు వంద మీటర్ల లోపు ధర్నాలకు 20 వేల రూపాయల దాకా జరిమానా పెట్టింది. మన ఉస్మానియా 2025 మార్చిలో విభాగాల్లో, పరిపాలనా భవనం దగ్గర ధర్నాలు, నినాదాలు వద్దని సర్క్యులర్ ఇచ్చి విమర్శలపాలైంది. దశాబ్దాల ఉద్యమాలు నడిచిన ఉస్మానియాలో అలాంటి సర్క్యులరేంటని నాకూ అనిపించింది. మీది ధర్నా కాదు, క్లాసు ఆగలేదు, గేటు మూయలేదు. ఈ తేడా మీ సమాధానంలో కనబడాలి.

మీ కేసులో బలహీనమైన చోటు ఒక్కటే ఉంది, అది వార్డెన్ వాక్యం. కమీషన్లు తింటున్నారని మీ దగ్గర రుజువు ఉందా? హాస్టల్లో అందరూ అనుకుంటారన్నది రుజువు కాదు. పురుగులున్నాయన్నది కంటితో చూసిన నిజం. ఫలానా మనిషి డబ్బు తిన్నాడన్నది నేరారోపణ. కాలేజీ ఓడినా ఆయన విడిగా కేసు వేసి మిమ్మల్ని ఇబ్బంది పెట్టవచ్చు. ఆ ఒక్క వాక్యాన్ని వెనక్కి తీసుకోండి. ఫోటోను మాత్రం సమర్థించుకోండి.

సమాధానం మీ మాటల్లో, ఒక పేజీకి మించకుండా రాయండి. ఇలా మొదలుపెట్టవచ్చు: ‘ఫలానా తేదీ రాత్రి భోజనంలో పురుగులు కనిపించిన మాట వాస్తవం. అంతకుముందు మెస్ కమిటీకి ఫిర్యాదు చేశాము. పరిష్కారం దొరకనందున, తోటి విద్యార్థుల ఆరోగ్యం దృష్ట్యా ఫోటో పెట్టాను. వార్డెన్ గారి గురించి రాసిన వాక్యం ఆవేశంలో రాసినది. దానిని ఉపసంహరించుకుంటున్నాను, వారికి కలిగిన బాధకు విచారిస్తున్నాను. ఫోటో, అందులోని విషయం అసత్యమని నేను అంగీకరించడం లేదు.’ ఆ తర్వాత అడగాల్సినవి అడగండి: నోటీసులో చెప్పిన నిబంధన పూర్తి పాఠం, మీ మీద వచ్చిన ఫిర్యాదు కాపీ, విచారణ కమిటీ సభ్యుల పేర్లు, మీరు స్వయంగా హాజరై చెప్పుకునే అవకాశం, ఇంకో వారం గడువు. కమిటీలో వార్డెన్ ఉండకూడదని కూడా రాయండి. ఫిర్యాదుదారే తీర్పరిగా కూర్చోవడం కుదరదు. ఈమెయిల్‌లో పంపి, ఒక కాపీ రిజిస్టర్డ్ పోస్టులో వేసి రసీదు దాచుకోండి. ఆఫీసులో ఇస్తే మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. వేయబోమని అంటే, ఆ మాటనే రాసి మెయిల్ పెట్టండి.

ఒరిజినల్ ఫోటో డిలీట్ చేయకండి, వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసిన కాపీలో తేదీ, సమయం వివరాలు పోతాయి. మెస్ కమిటీకి పంపిన పాత మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు, ఆ రాత్రి పక్కనున్న ఇద్దరు ముగ్గురి సంతకాలు కూడా తీసిపెట్టుకోండి. ఫోన్ అన్‌లాక్ చేసి ఇవ్వమంటే మర్యాదగా కాదనండి, ఆ బలవంతం చేసే అధికారం ప్రవర్తనా నియమావళితో రాదు.

పోలీసుల బెదిరింపు సంగతి. పరువు నష్టం కాగ్నిజబుల్ నేరం కాదు. పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టలేరు, మెజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు ఫిర్యాదు వేసుకోవాలి. ‘సైబర్ కేసు’ అంటూ ఒకప్పుడు వాడిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను శ్రేయా సింఘాల్ కేసులో 2015లోనే కొట్టేశారు.

బయట ఫిర్యాదు చేసే దారి కూడా తెరిచి ఉంచండి. యూజీసీ 2023లో తెచ్చిన విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు డీమ్డ్ యూనివర్సిటీలకూ వర్తిస్తాయి. ప్రతి సంస్థలో ఒక కమిటీ ఉండాలి, అది 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. నచ్చకపోతే 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కు (విద్యార్థుల అప్పీళ్లు వినే అధికారి) అప్పీలు చేసుకోవచ్చు. సంస్థ సొంత రూల్స్‌కు విరుద్ధంగా తీసుకున్న చర్య, సర్టిఫికెట్లు ఆపడం లాంటివి ఈ ఫిర్యాదుల కిందికి వస్తాయి. పురుగుల గురించి జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారికి విడిగా రాయండి. ఆయన తనిఖీ రిపోర్టు ఒక్కటి చేతికొస్తే ‘అసత్య ప్రచారం’ అన్న మాట ఇక ఎవరూ ఎత్తరు.

హాల్‌టికెట్ నిజంగానే ఆపితే ఈ కమిటీల కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. హైకోర్టులో రిట్ వేసి, పరీక్ష రాయనివ్వమని మధ్యంతర ఉత్తర్వు అడగాలి. పరీక్ష ముందురోజు సాయంత్రం ఫోన్ చేస్తే ఏ లాయరూ ఏమీ చేయలేరు, కనీసం వారం ముందు కాగితాలతో రండి. ఖర్చు గురించి నాన్నగారు వెనకాడితే, మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. మూడు రోజుల గడువు ముగిసేలోపు మాత్రం ఆ సమాధానం పంపేయండి.