బీపీ బాగుందని ఊరుకోకు

అమ్మాయీ,

సర్జరీ వార్డులో డ్యూటీ మొదలైందని మీ అమ్మ చెప్పింది. ఒంగోల్లో, అందునా హైవే పక్కన ఆసుపత్రి. కడుపు దెబ్బల కేసులకు కొదవుండదు. ఎక్కువమంది ఇరవై నుంచి నలభై లోపు మగవాళ్లే, బైకు మీద నుంచి పడ్డవాళ్లు. మధ్యమధ్యలో చీమకుర్తి క్వారీలో జారినవాళ్లు, తాటిచెట్టు మీద నుంచి పడ్డవాళ్లు, ఎద్దు పొడిచినవాళ్లు వస్తుంటారు.

కుర్రాళ్ల ఒళ్లు మనల్ని మోసం చేస్తుంది. ఉన్న ఐదు లీటర్ల రక్తంలో లీటరుకు పైగా పోయినా బీపీ నిలబడే ఉంటుంది, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. నాడి 120 కొడుతోంది, అరచేయి చల్లగా చెమట పట్టింది, దాహం దాహం అంటున్నాడు. అప్పుడు బీపీ 110 ఉన్నా సరే, రక్తానికి కబురు పెట్టు. ఎడమ భుజం లాగుతోందంటే భుజానికి ఎక్స్‌రే రాసి వదిలేయకు, పొట్టలో ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహం చిట్లిందేమో చూడు. ముసలివాళ్లతో ఇంకో చిక్కు. గుండెకు, బీపీకి కొన్ని మాత్రలు వాడేవాళ్లకు రక్తం పోతున్నా నాడి పెరగదు. మందుల చీటీ అడిగి చూడు.

సైకిల్ హ్యాండిల్ గుచ్చుకున్న పిల్లల దగ్గర మరీ జాగ్రత్త. బొడ్డు పక్కన రూపాయి బిళ్లంత కమిలిన మచ్చ, అంతే కనబడుతుంది. పేగుకు చిల్లు పడినా మొదట్లో స్కాన్‌లో తెలియకపోవచ్చు. "నొప్పి తగ్గింది, ఇంటికి పోతాం మేడం" అంటారు. పంపొద్దు. రెండు మూడు గంటలకోసారి నువ్వే పొట్ట నొక్కి చూడు. డ్యూటీ మారేటప్పుడు తర్వాతి డాక్టర్‌ను మంచం దగ్గరికి తీసుకెళ్లి చూపించాకే కదులు. పొట్ట చెక్కలా బిగుసుకుంటే ఇక స్కాన్ల కోసం చూడక్కర్లేదు, ఆపరేషన్‌కి సిద్ధం చెయ్యి. తాగి వచ్చినవాడు నొప్పి లేదంటే మత్తు దిగాక మళ్లీ అడుగు.

ఎద్దు కొమ్ము చేసే గాయం పైకి చిన్నదే, లోపల ఎంత చీల్చిందో కోసి చూస్తేగానీ తెలియదు. పేగు బయటికొస్తే లోపలికి తోయకు. సెలైన్‌లో తడిపిన గుడ్డ కప్పి థియేటర్‌కి పంపు.

దెబ్బ ఎన్నింటికి తగిలిందో రాసుకో. మనవాళ్లు ఆసుపత్రికి వచ్చిన టైమే రాస్తారు, అది నాకు ఒళ్లు మంట. రక్తం కారడం తగ్గించే ట్రానెగ్జామిక్ ఇంజెక్షన్ దెబ్బ తగిలిన 3 గంటల లోపే ఇవ్వాలి, దాటితే మేలుకన్నా కీడు. కనిగిరి వైపు నుంచి రెండు ఆసుపత్రులు తిరిగి వచ్చేవాళ్లకు ఆ గడువు దారిలోనే అయిపోతుంది.

థియేటర్‌లో ఏసీ తగ్గించమను, ఒళ్లు చల్లబడితే రక్తం గడ్డకట్టదు. మీ సీనియర్ రక్తం ఆపి, లోపల గుడ్డ ప్యాకులు పెట్టి, పొట్ట మూయకుండానే ఐసీయూకి పంపితే పని సగంలో వదిలేశాడనుకోకు. ముందు మనిషి నిలబడాలి, మిగతాది ఒకటి రెండు రోజులాగి చేస్తారు.

ప్లీహం తీసేసినవాళ్లకు టీకాలు మరవకు. ఎప్పుడు జ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి రావాలని డిశ్చార్జి కాగితం మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయి.

నీ మామయ్య